చూసే కన్నుంటే పెరడే ప్రయోగశాల
పరిణామశాస్త్రం చదివితే ‘ఏమొస్తుంది?’

భవానీపురం (విజయవాడ):

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో భవానీపురంలో ఏ వీధిలోనైనా, ఏ ఇంటి అరుగు మీదనైనా వినిపించే మాటలివి.

‘‘నాన్నా, నేను ఎం.ఎస్సీ. చేసి ఆపైన పరిశోధన చేస్తాను.’’

‘‘దేనిమీద తల్లీ?’’

‘‘జీవపరిణామం మీద. మొక్కలు, జంతువులు ఎలా మారుతూ వచ్చాయి, వాటి జన్యువుల్లో ఏముంది, చుట్టూ ఉన్న నేలతో, నీటితో వాటి సంబంధమేమిటి అన్నదాని మీద.’’

‘‘బాగానే ఉందిగానీ, అది చదివితే ఏమొస్తుందమ్మా?’’

ఆ తండ్రిని తప్పుపట్టడానికి లేదు. ఇంజనీరింగు చదివితే ఏమొస్తుందో ఆయనకు తెలుసు. వైద్యం చదివితే ఏమొస్తుందో వీధి చివర మందుల దుకాణం వారికీ తెలుసు. సీతాకోకచిలుకల వెంట తిరిగే చదువు గురించి మాత్రం ఎవరూ చెప్పగా ఆయన వినలేదు. అందుకే అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం మన తెలుగు గడ్డ మీదే ఉంది. అరవై ఏళ్ళు దాటిన కథ అది.

పిఠాపురం కుర్రవాడు

1957 డిసెంబరులో మన ప్రకాశం బ్యారేజి ప్రారంభమైంది. అదే సంవత్సరం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇంగ్లండు నుంచి ఒక పెద్ద శాస్త్రజ్ఞుడు వచ్చి చేరారు. పేరు జె.బి.ఎస్. హాల్డేన్. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణానికి గణితశాస్త్రంతో గట్టి పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. తక్కిన ఇద్దరు ఫిషర్, సెవాల్ రైట్. అంతటి మనిషి లండన్ ఉద్యోగం వదులుకుని భార్య హెలెన్ స్పర్వేతో సహా మన దేశానికి వచ్చేశారు. మన బట్టలు కట్టుకున్నారు. మన పౌరసత్వం తీసుకున్నారు.

ఆయన దగ్గర శిష్యరికానికి చేరిన వారిలో ఒక తెలుగు కుర్రవాడున్నాడు. 1937లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఆ యువకుడు చదువుకున్నది వృక్షశాస్త్రం.

పరిశోధన అనగానే మనకు గాజు గొట్టాలు, లక్షల ఖరీదు చేసే యంత్రాలు గుర్తుకువస్తాయి. హాల్డేన్ తన శిష్యులకు అవేమీ ఇవ్వలేదు. చూడండి, లెక్కపెట్టండి, రాసుకోండి అన్నారు. జంతువును చంపకుండా, పక్షికి హాని చేయకుండా జరిపే అధ్యయనం ఈ దేశపు స్వభావానికి సరిపోతుందని ఆయన నమ్మారు. పక్షులను అహింసా పద్ధతిలో పరిశీలించడం గురించి ప్రత్యేకంగా వ్యాసం కూడా రాశారు.

ఏ రంగు మీద ఏది వాలింది?

కంచెల మీద, కొండవాలుల్లో పొదలుగా పెరిగే లాంటానాను చూడనివారుండరు. గరుకు ఆకులు, ఘాటు వాసన, గుత్తులు గుత్తులుగా చిన్న చిన్న పూలు. ఒక పొదకు పసుపు, నారింజ రంగు పూలుంటే పక్క పొదకు గులాబీ రంగు పూలుంటాయి. ఇది మన మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో తోటల అందం కోసం తెచ్చారు. తోట గోడ దాటి అడవులను ఆక్రమించింది.

కృష్ణారావు చేసిన పని వింటే ఎవరికైనా నవ్వు రావచ్చు. ఈ పొదల దగ్గర నిలబడి ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద ఎన్నిసార్లు వాలిందో లెక్కపెట్టారు. అంతే. లెక్క తేలాక చూస్తే కొన్ని జాతులు ఒక రంగును, మరికొన్ని జాతులు మరో రంగును ప్రత్యేకించి ఎంచుకుంటున్నాయి. ఏది దొరికితే దాని మీద వాలడం లేదు.

దీనికి ఎందుకంత ప్రాముఖ్యం? ఆలోచించండి. సీతాకోకచిలుక తేనె తాగుతూ పుప్పొడి మోసుకుపోతుంది. గులాబీ రంగును కోరే చిలుక గులాబీ పొదల మధ్యే తిరిగితే ఆ పుప్పొడి గులాబీ పొదలకే చేరుతుంది. పసుపును కోరేది పసుపుకే చేరుస్తుంది. ఒకే తోటలో, పక్కపక్కనే ఉన్నా రెండు రంగుల మొక్కల మధ్య సంకరం తగ్గిపోతుంది. తరాలు గడిచినకొద్దీ రెండూ వేర్వేరు జాతులుగా విడిపోయే అవకాశం ఉంది. కొత్త జాతి పుట్టాలంటే మధ్యలో కొండో సముద్రమో అడ్డుండాలని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తున్న రోజులవి. సీతాకోకచిలుక ఇష్టాయిష్టాలే అడ్డుగోడ కావచ్చునని ఈ తెలుగు కుర్రవాడు సూచించాడు. ఆ వ్యాసం 1960లో ప్రపంచ ప్రసిద్ధమైన ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. పెట్టుబడి అంతా కలిపి కాగితం, పెన్సిలు, ఓపిక.

కొబ్బరి చెట్టుది ఏ చేతి వాటం?

అదే బృందంలో పనిచేసిన టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్లను పట్టుకున్నారు. కొబ్బరి మట్టలు మొవ్వు చుట్టూ మెలికగా పుడతాయి. కొన్ని చెట్లకు ఆ మెలిక ఎడమకు తిరుగుతుంది, కొన్నింటికి కుడికి. ఈ వాటం తల్లి చెట్టు నుంచి పిల్ల చెట్టుకు వస్తుందా? వేల చెట్లు చూసి, లెక్కించి, రాదని తేల్చారు. 1960 దశకం తొలినాళ్ళలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

డెల్టాలో కొబ్బరి చెట్టు లేని ఊరు ఉండదు. పుట్టినప్పటి నుంచి ఆ చెట్టు కిందే పెరిగిన మనలో ఎంతమంది తల ఎత్తి ఈ సంగతి చూశాం?

చెవి మీది వెంట్రుకలు

ఇక కృష్ణారావుకు ఎక్కువ పేరు తెచ్చిన సంగతి మరీ విచిత్రమైనది. కొందరు మగవారికి నడివయసు దాటాక చెవి అంచున పొడవైన వెంట్రుకలు మొలుస్తాయి. మన తాతల్లో చూసే ఉంటాం. దీర్ఘాయుష్షుకు గుర్తని మురిసిపోయేవారూ ఉన్నారు. ఇది తండ్రి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి మనుమడికి వస్తున్నట్లు కనిపిస్తుంది. ఆడపిల్లల్లో కనిపించదు.

మగవారిలో మాత్రమే ఉండే క్రోమోజోము ఒకటుంది. దాన్ని వై క్రోమోజోము అంటారు. మన ఇంటిపేరు తండ్రి నుంచి కొడుకుకు ఎలా వస్తుందో అదీ అలాగే వస్తుంది. పుట్టింటి ఇంటిపేరు అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్ల పిల్లలకు రాదు కదా, అలాగే ఇదీ రాదు. కాబట్టి చెవి వెంట్రుకలను కలిగించే జన్యువు వై క్రోమోజోము మీదే ఉండాలని కృష్ణారావు వాదించారు. ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు సేకరించి 1960లో ప్రచురించారు. 1962లో గురువు హాల్డేన్‌తో కలిసి మరో వ్యాసం రాశారు. మనిషి వై క్రోమోజోము మీద ఫలానా లక్షణం ఉందని చెప్పగలిగే దృష్టాంతాలు అసలే అరుదు. అందుకని ఈ తెలుగు చెవులు ప్రపంచవ్యాప్తంగా జన్యుశాస్త్ర పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. మన కాలేజీల్లో మూడు తరాల విద్యార్థులు పరీక్షల్లో ఇదే జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నారు.

అయితే ఆ జవాబు తప్పు.

సందేహాలు ఆనాడే మొదలయ్యాయి. కర్ట్ స్టెర్న్ వంటి పెద్దలు 1964లోనే మరింత సమాచారం సేకరించి, ఇది అంత తేలిగ్గా తేలే విషయం కాదన్నారు. చివరికి 2004లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ జోబ్లింగ్ బృందం డి.ఎన్.ఏ. పరీక్షతో తేల్చింది. దక్షిణ భారతదేశంలో చెవి వెంట్రుకలున్న మగవారి వై క్రోమోజోములను చదివి చూశారు. లక్షణం ఆ క్రోమోజోముదే అయితే వీరంతా పితృవంశంలో ఒకరికొకరు దగ్గరి చుట్టాలు కావాలి. కానీ వారి వై క్రోమోజోములు రకరకాల వంశాలవని తేలింది. చెవి వెంట్రుకలు లేనివారిలో ఉండే వంశాలే వీరిలోనూ ఉన్నాయి. కాబట్టి ఆ లక్షణానికి వై క్రోమోజోము కారణం కాదు.

మరి కృష్ణారావు శ్రమ వృథా అయినట్లేనా? కాదు. ఆయన తన సాక్ష్యాన్ని దాచకుండా, ఎవరైనా పరీక్షించి కాదనగలిగేలా అచ్చులో పెట్టారు. నలభై నాలుగేళ్ళ తర్వాత కొత్త పనిముట్టు వచ్చాక ఎవరో దాన్ని పరీక్షించి కాదన్నారు. శాస్త్రం నడిచే దారి ఇదే. పెద్దలు చెప్పారు కనుక నిజమనే మాట అక్కడ చెల్లదు. చెప్పింది హాల్డేన్ అయినా సరే.

మేనరికం లెక్క

కృష్ణారావు చేసిన మరో పని మన ఇళ్ళకు మరీ దగ్గరిది. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధీకుల మధ్య పెళ్ళిళ్ళు ఎంత తరచుగా జరుగుతున్నాయి, వాటి ఫలితాలేమిటి అని పరిశీలించి 1963లో ప్రచురించారు. మేనమామకు మేనకోడలినివ్వడం, బావకు మరదలినివ్వడం ఎంతో మామూలుగా సాగిన నేల మనది. ఆస్తి బయటకు పోదు, పిల్ల కళ్ళెదుటే ఉంటుంది అన్నది పెద్దల లెక్క.

జన్యువుల లెక్క వేరు. ప్రతి జన్యువుకు మనలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలైతే ఒకే తాత దగ్గరి ప్రతి రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరవచ్చు. బావామరదళ్ళ బిడ్డలో ఏ జన్యువు విషయంలోనైనా ఇలా జరిగే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ, మేనకోడళ్ళ బిడ్డలో ఎనిమిదింట ఒక వంతు. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా జబ్బు బిడ్డ పుడతాడని దీని అర్థం కాదు. అటువంటి ఇళ్ళలో అధిక భాగం పిల్లలు ఆరోగ్యంగానే ఉంటారు. అరుదైన జబ్బుల పాలు మాత్రం పెరుగుతుంది.

ఆపరేషను బల్ల మీద పరిణామశాస్త్రం

చుట్టరికం పెళ్ళిళ్ళు మానేస్తే సరిపోతుందా? ఇక్కడే హైదరాబాదు శాస్త్రజ్ఞుల పని అక్కరకొచ్చింది.

హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీని అందరూ సి.సి.ఎం.బి. అంటారు. అక్కడి లాల్జీసింగ్, కె. తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ‘నేచర్’లో ఒక వ్యాసం ప్రచురించారు. దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పోల్చి చూశారు. నేటి భారతీయుల్లో అత్యధికులు రెండు పురాతన జనాల కలయిక వల్ల ఏర్పడినవారని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు జోరుగా సాగిందని 2013లో మరో వ్యాసం చెప్పింది. ఆ తర్వాత ఎవరి కులంలో వారు పెళ్ళిచేసుకునే పద్ధతి బిగుసుకుంది.

ఫలితం ఏమిటి? ఎప్పుడో కొద్దిమంది మూలపురుషుల నుంచి మొదలైన సమూహం తరతరాలుగా తనలో తానే పెళ్ళిళ్ళు చేసుకుంటే, ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న లోపం నేడు వేలమందిలో ఉంటుంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు తమకు ఏ చుట్టరికమూ లేదనుకుంటారు. జన్యువులకు ఆ చుట్టరికం తెలుసు. మన వైశ్యుల్లో ఇటువంటి ఆరంభ ఘట్టం వంద తరాలకు పైబడినదని 2009 నాటి వ్యాసం అంచనా వేసింది. అప్పటి నుంచి బయటివారి కలయిక నామమాత్రమన్నమాట.

దీనికి ఆసుపత్రిలో అర్థముంది. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తుంటారు. రక్తంలోని ఒక ఎంజైము ఆ మందును కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది, రోగి మళ్ళీ ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము పుట్టుకతోనే లేనివారికి మందు ప్రభావం గంటల తరబడి పోదు. అంతసేపూ యంత్రంతో శ్వాస అందించాలి. అందించకపోతే ప్రాణం పోతుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుందని మత్తువైద్యులు ముందే గమనించారు. దానికి కారణమైన జన్యు మార్పు ఏదో 2006లో పరిశోధకులు గుర్తించి ప్రకటించారు. మామూలు జీవితంలో ఈ లోపం ఉన్నట్లే తెలియదు. ఒక రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. ‘మా ఇంట్లో ఫలానావారికి ఆపరేషను తర్వాత మెలకువ ఆలస్యమైంది, ఊపిరి అందలేదు’ అని మత్తు డాక్టరుకు ముందు చెబితే చాలు, ఆయన మరో మందు వాడతారు.

ఇది ఏ ఒక్క కులానికో మచ్చ కాదు. 2017లో ఇదే శాస్త్రజ్ఞుల బృందం 260కి పైగా సమూహాలను పరిశీలించి, 81 సమూహాల్లో ఇటువంటి ఆరంభ ఘట్టాలు బలంగా ఉన్నాయని చెప్పింది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైనే. ఎవరి లోపం వారికుంది, తెలుసుకుంటే కాపాడుకోవచ్చు. 10,000 మంది భారతీయుల జన్యుపటాలను చదివే ‘జీనోమ్ ఇండియా’ పథకం 2020లో మొదలై, 2025 జనవరిలో ఆ సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి రావడానికి కారణం ఇదే.

‘ఏమొస్తుంది?’ అన్న ప్రశ్నకు ఇదొక జవాబు. ఆపరేషను బల్ల మీది మనిషికి ఊపిరి వస్తుంది.

బావురుపిల్లి అడుగుజాడలు

జవాబు మనుషులతోనే ఆగదు. మన కృష్ణమ్మ బ్యారేజి దాటి సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. అక్కడ బావురుపిల్లి బతుకుతోంది. నీటిలో దిగి చేపలు పట్టే పిల్లి అది. ప్రపంచంలో అంతరించే ముప్పున్న జంతువుల్లో ఒకటి. మడ అడవి తరిగి చేపల చెరువు, రొయ్యల చెరువు పెరిగిన చోట దానికీ రైతుకూ తగాదా. అది ఎక్కడ తిరుగుతోంది, ఏమి తింటోంది, ఎన్ని మిగిలాయి అన్నది తెలియకుండా దాన్ని కాపాడటం ఎవరి తరమూ కాదు. రాత్రిళ్ళు తిరిగే ఆ పిల్లిని పట్టుకోనక్కర్లేదు. చెట్టుకు కట్టిన కెమెరా దాని ఒంటి మచ్చలను ఫొటో తీస్తుంది. అది విడిచిన మలంలోని డి.ఎన్.ఏ. చదివితే ఆ జంతువేదో తెలిసిపోతుంది.

హైదరాబాదు అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి.కి అనుబంధంగా ఉన్న లాకోన్స్ ప్రయోగశాల ఇటువంటి పనికే పుట్టింది. పట్టుబడిన మాంసం ముక్క మేకదా, జింకదా అని అటవీ అధికారులకు అనుమానం వస్తే అక్కడి డి.ఎన్.ఏ. పరీక్ష తేల్చి చెబుతుంది. తిరుపతిలో 2015లో మొదలైన ఐసర్‌కు చెందిన వి.వి. రాబిన్, ఆయన సహచరులు పశ్చిమ కనుమల శిఖరాల మీది పక్షుల జన్యువులు చదివి, అవి అంతకుముందు అనుకున్న ప్రజాతులకు చెందినవి కావని 2017లో రెండు కొత్త ప్రజాతి పేర్లు పెట్టారు. బెంగుళూరులో రాఘవేంద్ర గదగ్కర్ కందిరీగల గూళ్ళను దశాబ్దాల తరబడి గమనిస్తూ, రాణి కందిరీగ తర్వాత గద్దె ఎవరిదో వాటికి ముందే ఎలా తెలుస్తుందో పరిశోధించారు. మనం చీపురు తీసుకుని దులిపేసే గూళ్ళే అవి.

తండ్రి అడగవలసిన మిగతా ప్రశ్నలు

పొట్ట గడిచే మాట కూడా చెప్పుకోవాలి. ఎం.ఎస్సీ. తర్వాత సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో జీవశాస్త్రాల్లో నెగ్గి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి పెరిగిన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు వస్తాయి. రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. అంటే చదువుకుంటూనే సంపాదన. ఎదురు జీతం ఇచ్చే చదువు.

కష్టాలూ దాచనక్కర్లేదు. డాక్టరేట్‌కు అయిదారేళ్ళు పడుతుంది. ఫెలోషిప్ సొమ్ము నెలనెలా ఒకటో తారీకున వస్తుందన్న నమ్మకం లేదు. తర్వాత ఉద్యోగాలు కొద్ది, పోటీ ఎక్కువ. ఈలోగా తోటివారు ఇళ్ళు కట్టుకుంటారు. ‘మీ అమ్మాయికి పెళ్ళెప్పుడు?’ అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. ఇవన్నీ తెలిసి కూడా వెళ్ళాలనుకునే పిల్లను ఆపకూడదు. తెలియకుండా వెళ్ళేవారికి ముందే చెప్పాలి.

కాకినాడకు చేరిన గురువు

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. చనిపోయాక తన శరీరం వైద్య విద్యార్థుల చదువుకు ఉపయోగపడాలని కోరుకున్నారు. ఆ కోరిక ప్రకారం ఆయన దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. బతికి ఉండగా ఒక పిఠాపురం కుర్రవాడికి చూడటం నేర్పిన గురువు, పోయాక ఆ పిఠాపురానికి కూతవేటు దూరంలో మన పిల్లలకు పాఠమయ్యారు. శిష్యుడు కృష్ణారావు అమెరికాలో స్థిరపడి గురువు మీద పుస్తకాలు రాశారు. ఒకటి 1985లో, మరొకటి 2017లో వచ్చాయి.

పరిశోధన మొదలుపెట్టడానికి సీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇంద్రకీలాద్రి వాలున, కరకట్ట వెంట, భవానీ ద్వీపంలో ఎక్కడో ఒకచోట రెండు రంగుల పూల పొద కనిపిస్తుంది. ఒక నోటు పుస్తకం, గడియారం పట్టుకుని ఉదయం పూట గంటసేపు నిలబడండి. ఏ చిలుక ఏ రంగు మీద వాలిందో గీతలు గీయండి. పది రోజులు చేయండి. కలకత్తా తోటలో 1950 దశకం చివర తేలిన లెక్క కృష్ణా ఒడ్డున కూడా తేలుతుందా? తేలితే ఒక సంగతి, తేలకపోతే అంతకంటే పెద్ద సంగతి.

ఆ అమ్మాయితోపాటు తండ్రి కూడా ఒక ఉదయం ఆ పొద దగ్గరకు వెళ్ళి నిలబడితే మంచిది. మొదట ‘ఏమొస్తుంది?’ అనే అడుగుతారు. పావుగంట గడిచేసరికి ‘అదిగోనమ్మా, మళ్ళీ ఆ పసుపు పువ్వు మీదే వాలింది, రాసుకో’ అంటారు.